ఇంట్లోవాళ్ల మాట

గుండె, మోకాళ్లు మార్చుకుని తొంభై ఏళ్లవాళ్లూ కొలువులు చేస్తున్న కాలమది. ఎప్పుడు మానాలో ఇంట్లోవాళ్లే తేల్చాలి. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ దేవసహాయాన్ని ఇంకో ఏడాది కొనసాగించాలా అని గోడలో అమర్చిన సర్కారు యంత్రం గొంతు అతని భార్య సుగుణమ్మని ఏటా అడిగేది. ఆమె సరేననేది.

ఈసారి ఫైనల్ రోజు పొద్దున ఆ గొంతు అడిగితే, బెండకాయలు తరుగుతూ, "వద్దు," అంది.

దేవసహాయం బూటు లేసు కడుతూ ఆగిపోయాడు. "ఎందుకిట్ల చేసినవ్ సుగుణా?"

"బిడ్డ ఆస్పత్రిల పాణమిడిచిన దినం మీరు కప్పు పట్టుకోని నవ్వుకుంట వచ్చిన్రు."

"మరి ఇన్నేండ్లు సరే అన్నవ్ గద."

"ఆట లేకుంటే మీరు బతకలేని దినం వచ్చెదాక ఆగిన."

కూర దించి, సంచీ భుజాన వేసుకుని, ఆమె చెల్లెలింటికి బయలుదేరింది.

"ఇగ ఇల్లంత మీదే," అంది, చెప్పులేసుకుంటూ.