నాలుగో దరఖాస్తు

ఎల్జీబీటీ విద్యార్థి సంఘానికి అనుమతి కోసం ఆ అమ్మాయి కాలేజీ ఆఫీసుకి రావడం అది నాలుగోసారి. మొదటిసారి మార్జిన్ చాలలేదన్నాడు గుమాస్తా. రెండోసారి పచ్చ సిరాతో రాయకూడదన్నాడు. మూడోసారి గుండుసూది ఎడమవైపు గుచ్చి తెమ్మన్నాడు.

ఈసారి కాగితాన్ని తిరగేసి మరగేసి చూసినా వంక దొరకలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నిట్టూర్చాడు.

"ఇంక ఆపలేనమ్మా. కొత్త సంఘమంటే సభ్యుల పేర్లన్నీ నెలరోజులు నోటీసు బోర్డులో పెట్టాలి. రూలు."

ఉన్న పదిమందిలో ఇంట్లో చెప్పుకున్నది తనొక్కతే.

"ఆ మాట మొదటిరోజే చెప్పచ్చు కదా సార్! ఊరికే తిప్పారు."

"విసిగిపోయి నువ్వే మానుకుంటావనుకున్నాను. నువ్వు వదిలితేగా!"

ఆయన లేచి, బీరువా అడుగునుంచి దుమ్ముకొట్టుకుపోయిన ఫైలొకటి లాగాడు.

"పాత సంఘానికి పేరు మార్చడానికైతే బోర్డూ లేదు, గీర్డూ లేదు. పాత సభ్యుడు ఒక్కడు సంతకం పెడితే చాలు. ఇదిగో, చదరంగ సంఘం. నేనిక్కడ చదువుకునేటప్పుడు పెట్టాం. ముప్పయ్యేళ్లుగా ఏటా నేనే రెన్యువల్ చేస్తున్నా."

అంటూనే సంతకం గీకేశాడు, పచ్చ సిరాతో.

"మరి చదరంగం ఆడేవాళ్లు ఊరుకుంటారా సార్?"

"ఎవరాడారు తల్లీ? మా నలుగురిలో ఒక్కడికీ గుర్రం ఎటు దూకుతుందో తెలీదు. తలుపేసుకుని కూర్చోడానికి, అప్పట్లో మాకూ ఏదో ఒక పేరు కావాలి కదా!"