వాత

బీరయ్య పొయ్యిలోంచి ఎర్రగా కాలిన కొడవలి తీసేసరికి, కూతురు నవనీత గుర్రప్పిల్లకు అడ్డంగా వచ్చి కూర్చుంది.

పిల్ల పుట్టి వారం. నిన్నటి నుంచీ విరేచనాలు. ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు.

"లెవ్వు బిడ్డా. కడుపు మీద ఒక్క వాత పెడితే పారుడు బందైతది. పాలకేం కొదవ లేదు, చూడు, తల్లి పొదుగు ఎంత నిండుగున్నదో!"

"పిల్ల తాగుతలేదు గనుకనే నిండుగున్నది నాయినా. పొద్దుగాల్ల సంది చుక్క ముట్టలేదు. చిగుళ్లు చూడు, ఎండిపోయినయి. డాక్టర్‌కు ఫోన్ చేసిన. సెలైన్ ఎక్కించాలె, జల్ది తాండూరు తీసుకరమ్మన్నడు. ఆటో వస్తున్నది."

"మన మందల ఎన్ని పిల్లలకు పెట్టలే? నువ్వు చెప్తవా నాకు? జరుగు!"

"జరగ. పెడితే నాకు పెట్టు."

"నీకు పెట్టిన గదనే, పాలు తాగే పిల్లవున్నప్పుడు! గిట్లనే పారుతుంటే గీ కొడవలితోనే పెట్టిన. బతికి ఇయ్యాల నా మీదికే లేస్తున్నవు!"

నవనీత కదల్లేదు. తండ్రి కళ్లలోకే చూసింది.

"నేను బతికిన. నాతోటి పుట్టినోనికి గూడ అదే పూట పెట్టినవు గదా. వాడేడి నాయినా?"

బీరయ్య చేతిలో కొడవలి మెల్లగా నల్లబడింది.

బయట ఆటో హారన్ మోగింది.

"కాళ్ల దిక్కు నువ్వు పట్టు" అంది నవనీత.

బీరయ్య కొడవలి పడేసి వంగాడు.