ఎనభై తెరలు, ఒక్క ఉత్తరం

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆఫీసులో ఎనభై మంది తమ కంప్యూటర్లు తెరిస్తే, ఎనభై తెరల మీదా ఒకే ఉత్తరం ఉంది.

"ఆరేళ్ళ కిందట సర్వర్ గదిలో ఆ వైరు పీకింది ఆంటీ మాన్సా కాదు. నా ఫోనుకి ఛార్జింగ్ పెట్టుకోవడానికి నేను పీకాను. రెండు వారాల సరుకు పత్రాలు పోయాయి. ఆవిడ ఉద్యోగం పోయింది. నేను నోరు మూసుకున్నాను."

కింద సంతకం లేదు.

ఘానాలోని తకోరాడి రేవులో ఓడల సరుకు విడిపించే కంపెనీ అది. కంప్యూటర్ల విభాగానికి క్వాన్సా పెద్ద. గుమ్మంలో నిలబడే దగ్గరున్న తెర మీద ఉత్తరం చదివాడు. చెవులు వేడెక్కాయి. రెండోసారి చదవబుద్ధి కాలేదు.

బల్లల మధ్య మాటలు మొదలయ్యాయి.

"ఇన్నేళ్ళూ పాపం ఆవిడ్ని 'ప్లగ్గు ఆంటీ' అని ఏడిపించాం కదరా!"

"మనం కాదు, నువ్వు. ఆ పేరు పెట్టిందే నువ్వు!"

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆవిడ దగ్గర కెంకీ కొనుక్కోవాలి?"

ఊడ్చి తుడిచే ఉద్యోగం పోయిన మర్నాటి నుంచీ మాన్సా గేటు ఎదుటే మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలు, వేయించిన చేపలు అమ్ముకుంటోంది. ఆఫీసులో సగం మందికి మధ్యాహ్నం తిండి ఆవిడ చేతిదే. క్వాన్సాకు మాత్రం ఆవిడ నూరే మిరపకాయ పడదు.

డైరెక్టర్ ఎసిల్ఫీ మేడమ్ అతన్ని లోపలికి పిలిచింది.

"పాత కంప్యూటర్లన్నీ తీయించి ఈ అరచేతంత డబ్బాలు పెట్టించావు. ఇక బల్లల మీద ఏమీ ఉండదు, సర్వస్వం సర్వర్ గదిలో భద్రం అన్నావు. ఇదేనా నీ భద్రం?"

"డబ్బాల తప్పు కాదు మేడమ్. రోజూ సాయంత్రం ఆరింటికి అందరి తెరలూ చెరిగిపోతాయి. పొద్దున్నే ఒకే మాస్టర్ కాపీ నుంచి అచ్చు పోసినట్టు మళ్ళీ తయారవుతాయి. అందులో ఏముంటే అదే అందరికీ వస్తుంది. ఉత్తరం ఆ మాస్టర్‌లోకి ఎక్కింది."

"దాన్ని ముట్టుకునేది ఎవరు?"

"మా విభాగమే."

"అంటే ఇద్దరే, నువ్వు, అరాబా. నువ్వయితే కాదు. మాన్సా మీద రిపోర్టు రాసిందే నువ్వు." ఆమె గొంతు తగ్గింది. "ఆ రిపోర్టు చూసి, కన్నీళ్ళు పెట్టుకుంటున్న మనిషిని గేటు దాటించాను క్వాన్సా. ఆ రాత్రి ఎలా నిద్రపోయానో! రికార్డు తీసి చూడు. పేరు తేలితే ఈ రోజే ఇంటికి పంపిస్తాను."

క్వాన్సా తన విభాగం గదిలోకి వచ్చి రికార్డు తెరిచాడు. శనివారం, పది గంటల ఇరవై నిమిషాలు, అరాబా. దాని కింద ఇంకో పేరుంది. ఫోను తీశాడు.

"శనివారం అరాబా మాస్టర్ తెరిచింది మేడమ్."

ఆ మాటలో అబద్ధం లేదు. అయినా ఫోను పెట్టేశాక అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అరగంటలో అరాబా వచ్చింది. పదేళ్ళుగా అతని పక్క బల్ల ఆమెది. ఆమె ఆడపిల్లలిద్దరూ కేప్ కోస్ట్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు.

"నా పేరు ఇచ్చేశావటగా అన్నా."

"రికార్డులో ఉన్నది చెప్పాను."

"తెరిచాను. శనివారం అంత్యక్రియల రోజని ఊరు ఊరంతా నల్లబట్టలేసుకుని పోతే, నేనొక్కదాన్నే ఇక్కడ ప్రింటర్లు సరిచేస్తూ కూర్చున్నాను. అదీ నా నేరం!"

"కోప్పడకు. నువ్వే రాసి ఉంటే అందులో కుట్రేమీ లేదు. సాయంత్రానికి చెరిగిపోతుందిలే అని మనసులో బరువు దించుకుంటారు ఎవరైనా. తన తెరే అనుకుని మాస్టర్‌లో రాసేస్తారు. పొరపాటు. ఒప్పేసుకుంటే మేడమ్ కరుగుతుంది."

"ఆహా! నా తరఫున కథ కూడా నువ్వే అల్లేశావా?"

క్వాన్సా తెర వైపు తిరిగి రికార్డు మూసేశాడు.

పన్నెండింటికి మేడమ్ గదిలో మాన్సా కుర్చీ అంచున కూర్చుని ఉంది. చేప వేపిన వాసన గదంతా నిండింది. అరాబా నిలబడి ఉంది, క్వాన్సా బల్లకి ఇటువైపు కూర్చున్నాడు.

"ఆంటీకి క్షమాపణ చెప్పు," అంది మేడమ్.

"చెయ్యని తప్పుకి ఎలా చెప్పను మేడమ్?"

మాన్సా తలెత్తింది. "ఆ రోజు నేనూ ఇదే మాట అన్నాను. ఇదిగో, ఈ అమ్మాయి నిలబడ్డ చోటే నిలబడి."

"అది వేరు ఆంటీ," అంది మేడమ్. "ఇప్పుడు రికార్డు ఉంది."

"అప్పుడు రిపోర్టు ఉందన్నారు."

మాన్సా కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ అంది: "నాకు ఉద్యోగం తిరిగి రాకపోయినా ఫర్వాలేదమ్మా. ఆరేళ్ళు ఎండలో పొయ్యి దగ్గర నిలబడ్డాను, అలవాటైపోయింది. ఈ అమ్మాయిని మాత్రం పంపకండి. ఇంటికి పోయి పిల్లలకి చెప్పే వేళ, మన మాట పిల్లలు కూడా నమ్మరు."

అరాబా ఏడుపు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

మేడమ్ ఒక తెల్లకాగితం క్వాన్సా ముందుకు తోసింది.

"నియమం నియమమే. నీ విభాగం మనిషి. రిపోర్టు నువ్వే రాయి."

క్వాన్సా పెన్ను తీశాడు. తారీఖు వేశాడు. అరాబా పేరులో మొదటి అక్షరం రాశాడు. పెన్ను బల్ల మీద పెట్టి, లేచి, మాన్సా కుర్చీ ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"రికార్డులో అరాబా పేరు కింద ఉన్నది నా పేరే. ఆ ఉత్తరం రాసిందీ, ఆ వైరు పీకిందీ నేనే, ఆంటీ."