చేతికి ఇమిడే రాకెట్

రాకెట్ పిడి వేళ్ళకి తగలగానే ఆండాళ్ళు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దండీ. నాకు భయంగా ఉంది."

"పట్టుకుని చూడ్డానికి భయం దేనికి? ఇది షాపు, ఆడే కోర్టు కాదు కదా," అన్నాడు మురళీకృష్ణ.

బయట వాన పడుతోంది. ఏలూరులోని ఆ ఆటసామాన్ల షాపులో అప్పుడు ఆ మొగుడూపెళ్ళాలు తప్ప వేరే గిరాకీ లేదు. గోడకి పాడెల్ రాకెట్లు వేలాడుతున్నాయి, అద్దం గోడల మధ్య ఆడే టెన్నిస్ లాంటి ఆటవి. తీగల అల్లిక లేకుండా, చిల్లులున్న పలకల్లా మందంగా ఉన్నాయి. వాటిని చూస్తుంటేనే ఆండాళ్ళుకి ఒళ్ళు జలదరిస్తోంది. వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెం దారిలోని పాడెల్ కోర్టులో ఎవరిదో బరువైన రాకెట్ అడిగి తీసుకుని ఊపబోయి, అది లాగిన వైపే తూలి అద్దం గోడకేసి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక ఎప్పుడో అతుక్కుంది, ఇక చేతికి పని చెప్పమన్నాడు డాక్టరు. అయినా ఆ చేత్తో కాఫీ గ్లాసు కూడా ఎత్తదు. స్కూల్లో బోర్డు మీద ఎడమ చేత్తోనే వంకరటింకరగా రాస్తోంది.

"గుండ్రం తలది చూడండి మేడం," అంది షాపులో పనిచేసే హెప్సిబా. "బరువంతా పిడి దగ్గరే ఉంటుందండి. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. లోపల మెత్తటి ఫోమ్ ఉంటుంది, బంతి గట్టిగా తగిలినా అదురు చేతిదాకా రాదు."

ఆండాళ్ళు ఊపిరి బిగబట్టి పిడి పట్టుకుంది. మణికట్టు గజగజ వణికింది. పట్టుమని ఒక్క క్షణం కూడా ఉంచుకోకుండా బల్ల మీద పెట్టేసింది. నుదుటి నిండా చెమట.

"పోదాం పదండీ."

"సరే, నువ్వు కూర్చో. నాకొకటి చూసుకుంటాను."

మురళీకృష్ణ తల దగ్గర కోసుగా ఉన్న బరువైన రాకెట్ తీసుకుని ఒక్క ఊపు ఊపాడు. అది చేజారి నేల మీద ధన్‌మని పడింది. హెప్సిబా ఉలిక్కిపడింది. అతను పెద్దగా నవ్వేశాడు.

"చూశావా? రెండు చేతులూ బాగున్నవాడిని, నాకే ఆగలేదు!"

ఆండాళ్ళు కూడా కాస్త నవ్వింది. "అందుకే చెబుతున్నా, మనకి వద్దని."

హెప్సిబా గుండ్రం తలది అతనికి అందించింది. అతను దాన్ని ఆండాళ్ళు వైపు చాపాడు. "ఇది చూడు, పట్టుకున్నట్టే లేదు, ఎంత తే..."

మాట పూర్తి కాలేదు. వేళ్ళు విచ్చుకున్నాయి. రాకెట్ అతని కాలి పక్కన పడింది.

ఈసారి అతను నవ్వలేదు. వంగి తియ్యనూ లేదు. తన చేతివైపే చూస్తూ నిలబడిపోయాడు.

ఆండాళ్ళుకి మురళీకృష్ణ అన్నగారు గుర్తొచ్చారు. ముదినేపల్లిలో బావగారికీ ఇలాగే మొదలైంది. ముందు చేతిలోంచి గ్లాసు జారింది. తర్వాత పెన్ను. ఇప్పుడు అన్నం కూడా ఎవరో ఒకరు కలిపి నోట్లో పెట్టాలి.

"ఏవండీ, ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చేతిలో వస్తువు ఎందుకు పడుతుందండీ? ఎన్నాళ్ళనించి ఇలా?"

"ఏం లేదంటున్నానుగా."

ఆమె గబుక్కున లేచింది. "అమ్మాయ్, ఇంకా తేలికవి తియ్యి. ఈయన పట్టుకోగలిగేవి."

హెప్సిబా తీసినవన్నీ ఒక్కొక్కటే లాక్కుని ఊపి చూసింది. "ఇది ముందుకు లాగుతోంది, వద్దు. దీని పిడి లావు, వేళ్ళు చుట్టూ తిరగవు." వంగి నేల మీదున్న గుండ్రం తలదాన్ని అందుకుంది. భుజం మీంచి తిప్పింది, కిందకి దించింది, ముందుకీ వెనక్కీ ఆడించింది. "ఇది బాగుంది. ఇదిగోండి, పట్టుకోండి. గట్టిగా పట్టుకోండి! పట్టు అందుతోందా లేదా, చెప్పరేం?"

ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"మేడం," అంది హెప్సిబా నెమ్మదిగా. "మీ కుడి చెయ్యి..."

ఆండాళ్ళు చూసుకుంది. పిడి చుట్టూ తన అయిదు వేళ్ళూ బిగుసుకుని ఉన్నాయి. వణుకు లేదు. నొప్పి లేదు. ఇంతసేపూ ఊపింది ఆ చేత్తోనే.

మురళీకృష్ణ ముఖంలో చిన్న నవ్వు కదిలింది. "ఇంకెలా కదిలించాలో తెలియలేదు ఆండాళ్ళూ నిన్ను. నాకు చేతకాకపోతే నువ్వు ముందుకొస్తావనుకున్నాను."

"అంటే, నాటకమా?" ఆమె స్టూలు మీద కూలబడింది. "బావగారు గుర్తొచ్చి నా పైప్రాణాలు పైనే పోయాయండీ!" అంటూ అతని భుజం మీద ఒక్కటి వేసింది, ఏడుస్తూ, నవ్వుతూ. చూస్తున్న హెప్సిబా కూడా చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

గుండ్రం తల రాకెట్ కొనుక్కుని బయటికొచ్చారు. వాన వెలిసింది. ఆండాళ్ళు సంచీని కుడి చేత్తోనే పట్టుకుని, ఆదివారం కోర్టుకి వెళ్ళి ముందు మెల్లగా ఆడదామని, అద్దం గోడ దగ్గరికి మాత్రం పోనని, ఆగకుండా చెబుతోంది. స్కూటర్ దగ్గర ఆగి మళ్ళీ నవ్వింది.

"మొదటిసారి నవ్వేశారు కాబట్టి నాకేం అనిపించలేదు. రెండోసారి మాత్రం ఏం నటించారండీ! ముఖం పాలిపోయి, నిజంగా భయపడ్డవాడిలా చేతివైపు ఆ చూపు!"

మురళీకృష్ణ ఎడమ చేత్తో జేబులోంచి తాళం తీసి ఆమెకి అందించాడు.

"బండి నువ్వు నడుపు."

"అబ్బో, ఇంకా పరీక్షలేనా?"

"మొదటిదే నేను పడేసింది ఆండాళ్ళూ," అన్నాడు. "రెండోది జారిపోయింది."