ప్రెండె ఇంటి గడియ

అల్బేనియా కొండల్లో షాలా లోయకు చివరి ఇల్లు ఒంటరి ముసలమ్మ ప్రెండెది. ఆ రాత్రి నార్వే యాత్రికుడు ఐవిండ్ మేడ మీద పడుకున్నాక, ఎవరో తలుపు తట్టారు.

“అమ్మా, గది కావాలని ముందే కబురు పంపిన ఐవిండ్‌ని. మంచులో దారి తప్పి ఇప్పటికి చేరాను.”

అచ్చం పైనున్నవాడి గొంతే. ప్రెండె తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

వెనక మెట్లు కిర్రుమన్నాయి. అతిథి దిగివచ్చి నిలబడ్డాడు.

“తియ్యకమ్మా. అది మనిషి కాదు,” అన్నాడు.

ఆ చలికి ఆమె నోటి నుంచి ఆవిరి వస్తోంది. అతను మాట్లాడినా అతని నోటి నుంచి ఆవిరి రాలేదు.

ప్రెండె ఒక చేత్తో గొడ్డలి అందుకుని, రెండో చేత్తో గడియ ఎత్తింది.

“తలుపు తట్టినవాణ్ణి చలికి వదిలెయ్యడం మా వంశంలోనే లేదు. మీలో మనిషెవడో పొయ్యి ముందు నేనే తేలుస్తా. వచ్చి కూర్చోండి, ఇద్దరూ!”