కంపౌండర్ భార్య

"పట్టుచీర నేను కట్టుకోను," మళ్లీ అంది బిక్షమ్మ.

"నేతచీర కట్టుకొని పోతె కంపౌండర్ పెండ్లామంటె ఎవరు నమ్ముతరు పెద్దమ్మా?" ఇస్రాయేలు విసుక్కున్నాడు. తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ పచ్చ పట్టుచీర తీసియ్యి."

లీలమ్మ మంచం మీంచి కదల్లేదు. పుండుపడ్డ కాలు దిండు మీద ఉంది.

"అక్కకు ఆ చీర పొట్టిగైతది. పైగా నూనె చేతులు," అంది.

పొద్దటి నుంచి ఇదే పంచాయితీ.

హుజూర్‌నగర్ దగ్గరి మిషన్ దవాఖానలో ఇస్రాయేలు తండ్రి ఏసోబు కంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. అక్కడ పనిచేసిన దొరసాని డాక్టర్ అంతకుముందే జర్మనీ వెళ్లిపోయింది. పెళ్లి చేసుకోలేదు, ఒంటరిది. తన ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయని, భార్యను తీసుకుని వచ్చి ఇక అక్కడే ఉండిపొమ్మని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి మరీ పిలిచింది.

ఒక్కటే చిక్కు. అక్కడ ఏళ్ల తరబడి ఉండే వీసా రావాలంటే ఇద్దరికీ ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉండాలి. అది ఇవ్వాలంటే హైదరాబాద్‌లో కంపెనీ డాక్టరమ్మ పరీక్షలు చేసి సరేననాలి. షుగర్ ఉన్నవాళ్లను కంపెనీ తీసుకోదు. లీలమ్మకు షుగర్ ముదిరిపోయింది.

అందుకే లీలమ్మ బదులు ఆమె అక్క బిక్షమ్మ పరీక్షకు పోవాలని ఇంట్లో తేల్చారు. అరవై దగ్గరపడినా బిక్షమ్మ ఒక్క గోలీ మింగి ఎరగదు. ఆ ఇంట్లో పొయ్యి ఆమెదే, బర్రె ఆమెదే, లీలమ్మ కాలి కట్టు కూడా ఆమెదే. లీలమ్మ కాన్పులకు నీళ్లు కాచింది ఆమే. పడుకునేది వంటింటి పక్క చిన్న అర్రలో.

వాళ్లు జర్మనీ వెళ్లాక బిక్షమ్మ ఎక్కడ ఉండాలో కూడా తేల్చేశారు. ఇల్లు విత్తనాల షాపాయనకు కిరాయికి ఇస్తారు. ఇస్రాయేలు ఉండేది నల్లగొండలో, రెండు గదుల క్వార్టర్. తిరుమలగిరి దగ్గర దిక్కులేని ఆడవాళ్ల ఆశ్రమం ఒకటుంది. అతను వెళ్లి మాట్లాడి వచ్చాడు.

"మంచిగనే చూస్తరట పెద్దమ్మా. ఐతారం ఐతారం కోడిగుడ్డు పెడ్తరట."

"నా అర్ర ఒక్కటి ఉంచరాదు బిడ్డా. గా మూలకు పడుంట."

"షాపాయన ఇల్లు మొత్తం కావాలంటుండు."

పరీక్షలో నెగ్గితే తలదాచుకునే నీడ పోతుందని బిక్షమ్మకు తెలుసు. నెగ్గమని అడుగుతున్నది ఆ నీడనిచ్చిన ఇంటివాళ్లే.

ఇస్రాయేలు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"డాక్టరమ్మ అడుగుతది, టక్కున చెప్పాలె. నీ పేరు?"

"లీలమ్మ."

"పిల్లలు?"

"ఇద్దరు."

"మొగని పేరు?"

బిక్షమ్మ తలదించుకుంది.

"గట్ల సిగ్గుపడితె పని చెడుతది. ఏసోబు అను."

ఎంత అడిగినా అనలేదు. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు.

మంచం మీద లీలమ్మ నవ్వింది. "ఒక్క పొద్దు నా మొగడు నీ మొగడైతె అరిగిపోతడా అక్కా?"

ఏసోబు చుట్ట ముట్టించుకుంటూ బయటికి నడిచాడు.

మర్నాడు పచ్చచీర కట్టించే బస్సెక్కించారు. డాక్టరమ్మ గదిలోకి ఆడవాళ్లను విడిగా పిలిచారు. ఏసోబు, ఇస్రాయేలు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల డాక్టరమ్మ తెలుగులోనే అడిగింది, బిక్షమ్మ చెప్పినవన్నీ ఖాళీ ఫారంలో రాసుకుంది. నెత్తురు తీసింది, గుండె విన్నది. "నాకంటే గట్టిగున్నవమ్మా," అని భుజం తట్టింది.

మధ్యాహ్నానికి ఇద్దరికీ సరేనన్నారు.

తిరుగు దారిలో చౌటుప్పల్‌లో బస్సు ఆగింది. ఏసోబు చాయ్ తెచ్చి కిటికీలోంచి బిక్షమ్మకు అందించాడు. చాన్నాళ్లకు ఆమె ముఖంలోకి చూశాడు.

"భయమైందా?"

"లే."

ఇంకేదో అడగబోయి, ఇస్రాయేలు రావడం చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఇల్లు చేరేసరికి లీలమ్మ గోడకు ఆనుకుని ఎదురుచూస్తోంది. కొడుకు ముఖం చూడగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

"చీర ఇడిచి మడతపెట్టక్కా, మాసిపోతది. అన్నం గూడ పెట్టు, ఆకలైతాంది."

బిక్షమ్మ అన్నం పెట్టింది. చీర విడవలేదు. అందరూ తింటుండగా గడప మీద కూర్చుంది.

"డాక్టరమ్మ పేరడిగితె బిక్షమ్మ అన్న," అని చెప్పింది. "పిల్లలు లేరన్న. మొగని పేరు గూడ చెప్పిన."

ఇస్రాయేలు చేతిలో ముద్ద ఆగిపోయింది. "గట్లెట్ల చెప్పినవ్ పెద్దమ్మా? ఇన్సూరెన్స్ నీ పేరు మీద వస్తది గద. అమ్మ ఎట్ల పోతది?"

"మీ అమ్మ పోదు బిడ్డా."

"ఏమయ్యా, ఇంటున్నవా?" లీలమ్మ ఏసోబు మీద లేచింది. "ఏ లెక్కన పోతదట ఈమె?"

ఏసోబు కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

బిక్షమ్మ అందరి వంకా ఒకసారి చూసి, గొంతు పెంచకుండా అంది:

"నేనే పోత లీలా, చర్చిల పాస్టరయ్య ముందట ఆయన చెయ్యి పట్టింది నేను, నా కడుపు పండలేదని నిన్ను తెచ్చి ఆయనకు కట్టబెట్టింది గూడ నేనే."