నల్ల విండో

నియాజ్‌కు ఫ్యాక్టరీలో పనేమీ లేదట. పొద్దంతా నల్లటి తెర ముందు కూర్చుని తల గోక్కుంటాడట. అతను అన్నానికి లేస్తే చాలు, ఆ కంప్యూటర్ కూడా అలిగి నిలిచిపోతుందట. పక్కింటి జైనబ్ బీ వీధంతా ఇదే చెబుతోందని, టిఫిన్ క్యారియర్ చేతికిస్తూ రుహీ మొగుడికి చెప్పింది.

"ఆమెకెవరు చెప్పినారంట?"

"వాళ్ళాయన మీ ఫ్యాక్టరీకే గదా మామిడికాయ తోలేది. ఏం, అబద్ధమా?"

అబద్ధం కాదు. నియాజ్ మంటంతా అదే.

బంగారుపాళ్యం హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. ఓనరు ధనంజయ పాత కంప్యూటర్లో లినక్స్ వేయించి, మెయిల్ సర్వర్ సొంతంగా పెట్టించుకున్నాడు. ఆర్డర్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ దాని గుండానే వచ్చిపోవాలి. దాన్ని పెట్టిన మునికుమార్ బెంగళూరు వెళ్ళిపోయాడు. సీజను వరకని నియాజ్‌ను తీసుకున్నారు. తెర మీద ఒక నల్ల విండో తెరిచి సర్వర్‌ను అందులో నడపాలి. ఆ విండో మూసుకుపోతే మెయిలూ పోతుంది. "దీన్ని మూయరాదు" అని మునికుమార్ రాసిన కాగితం ఇంకా మానిటర్‌కు అంటుకునే ఉంది.

ఆఫీసు తుడిచే తిరుమలమ్మకు చదువు రాదు. అందుకని చేరిన రోజే నియాజ్ ఆ కాగితం చదివి వినిపించాడు.

"ఆ మూల ఇంటూ గుర్తు ఉండాది సూడవ్వా. మౌసు దాని మీద పడి టిక్కుమనిందా, మెయిలు సచ్చినట్టే. బల్ల తుడిచేటప్పుడు భద్రం."

"ఇదేనా?" అని వేలు పెట్టి చూపించిందామె.

"అదే."

"దాని జోలికి నేనెందుకు పోతా నాయనా!"

వారం తిరక్కుండానే మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు నియాజ్ లారీలు తూచే వేబ్రిడ్జి పక్కన రేకుల కింద క్యారియర్ విప్పుతాడు. రెండు ముద్దలు దిగుతాయో లేదో, తిరుమలమ్మ కొంగు బిగించి పరిగెత్తుకొస్తుంది.

"నాయనా నియాజూ, బిరీన రా! మెయిలు నిలిచిపోయినాదంట. సారు అరస్తా ఉండాడు!"

ఎంగిలి చేత్తోనే పరుగు. ఎడమ చేత్తో మళ్ళీ విండో తెరిచి సర్వర్ నడిపిస్తే రెండు నిమిషాల్లో మెయిళ్ళు కదిలేవి. ధనంజయ ఊపిరి పీల్చుకునేవాడు.

"నువ్వు కుర్చీలో లేకపోతే ఇది నడవదేమప్పా!"

నియాజ్‌కు మొదట తిరుమలమ్మ మీదే అనుమానం వచ్చింది. కానీ ఆపేది ఆమే అయితే, అంత ఎండలో రొప్పుకుంటూ వచ్చి తనకెందుకు చెబుతుంది? ఆ ఒంటిగంటకే కరెంటు పోయి జనరేటర్ అందుకుంటుంది. తప్పు దానిదేనని తేల్చుకున్నాడు.

గేటు దగ్గర ఆటో పెట్టుకునే పాల్ ఆ మాటకు నవ్వాడు. రెండేళ్ళ కింద వరకు అతను ఈ ఫ్యాక్టరీలోనే బాయిలర్ మీటరు ముల్లు చూసేవాడు.

"కరెంటు పోతే కంప్యూటరే ఆరిపోవాల గదబ్బా? నీ మెయిలొక్కటే యాడికి పోతాది?"

"నీకు తెలీదులే అన్నా."

"మిషన్లు నాకు తెలీవా? కొత్త బాయిలరు దానంతటదే అంటుకుంటాది, దానంతటదే ఆరిపోతాది. అది వచ్చినాకనే గదా నేను ఈ ఆటోలోకి వచ్చినా!"

ఒకరోజు ధనంజయకు ఓపిక నశించింది. "కాయ అయిపోయేలోగా ఇది నిలవకుండా చెయ్ అబ్బా. తర్వాత నీ సంగతి చూస్తా."

ఆ మాట విని రుహీ సంబరపడింది. "అంటే పర్మినెంటే!"

విండోతో పని లేకుండా సర్వర్‌ను వెనకాల నడిచే సర్వీసుగా మార్చాలి. ఎన్నిసార్లు మార్చినా అది నిమిషం నడిచి పడిపోయేది. ఎర్రక్షరాల్లో ఒకటే మాట: అనుమతి లేదు. నియాజ్ నాలుగు రోజులు జుట్టు పీక్కున్నాడు. చివరికి చూస్తే, మెయిళ్ళు దాచే ఫోల్డర్ ఇంకా మునికుమార్ పేరు మీదే ఉంది! మనిషి వెళ్ళిపోయి ఏడాదైనా పెత్తనం పోలేదు. మునికుమార్‌ను తిట్టుకుంటూ దాన్ని సర్వీసు పేరుకు మార్చాడు. అంతే, నిలబడింది.

మర్నాడు బల్ల తుడుస్తూ తిరుమలమ్మ తెర వైపు చూసింది.

"నల్లది కనబడదే నాయనా?"

"ఇంక దాంతో పన్లేదవ్వా. వెనకాల నడస్తానే ఉంటాది. పడిపోయినా దానంతటదే లేస్తాది. ముందర ఎవరూ కూర్చునే పన్లేదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "ఎవురూనా?"

"ఎవరూ."

"ఈ మాట సారుకు చెప్పినావా?"

"చెప్పకుండా ఉంటానా!"

పదహారు రోజులు మెయిలు నిలవలేదు. నియాజ్ చివరి ముద్ద దాకా కూర్చుని తిన్నాడు. తిరుమలమ్మ రేకుల వైపు రానే లేదు. ఆఖరి లోడు కాయ దిగిన రోజు ధనంజయ పిలిచి భుజం తట్టాడు.

"గట్టోడివప్పా. ఎవరూ కూర్చునే పన్లేదన్నావు, నిజంగానే పన్లేదు. మళ్ళా ఏమన్నా అయితే ఫోన్ చేస్తాలే."

అర్థం కావడానికి నియాజ్‌కు కాసేపు పట్టింది. క్యారియర్ తీసుకుని బయటికొచ్చాడు. గేటు దగ్గర పాల్ అతని ముఖం చూసి ఆటో స్టార్ట్ చేశాడు. మెట్ల మీద తిరుమలమ్మ గుడ్డ పిండుతోంది.

"అంతా బాగు చేసినా గానీ అవ్వా," అన్నాడు నియాజ్ కసిగా, "రెండు నెలలు నన్ను కడుపునిండా తిననీకుండా అది ఎందుకు నిలిచిపోతా ఉండిందో మాత్రం కనుక్కోలేకపోయినా."

తిరుమలమ్మ తల ఎత్తలేదు.

"సారు నిన్ను పిలిపిస్తా ఉండాలనే గదా నాయనా, దినామూ నేను దాన్ని మూస్తా ఉన్నింది."